జనవరి దగ్గర కత్తిరించిన కథ

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అక్క కొడుకు ఫోను పట్టుకుని నా పక్కన చేరాడు. "మామయ్యా, ఇది చూడు, భలే ఉంది" అంటూ ఒక వీడియో పెట్టాడు. ఆటగాళ్లకు జరిగిన వింత ప్రమాదాలన్నీ ఏరి గుదిగుచ్చిన వీడియో అది. నాలుగోదో అయిదోదో వచ్చేసరికి తెర మీద ఒక పేరు కనిపించింది: రోమన్ షెబర్లే. మైదానంలో సాధన చేస్తుంటే ఎవరో విసిరిన జావెలిన్ వచ్చి ఆయన భుజంలో గుచ్చుకుందని చెప్పారు. మొత్తం కలిపి పది పన్నెండు సెకన్లు. వెనక నుంచి నవ్వుల శబ్దం. అంతలోనే ఇంకొకరి ప్రమాదం మొదలైంది.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"ఇతనెవరో తెలుసా?" అని అడిగాను.

"జావెలిన్ గుచ్చుకున్నాయన" అన్నాడు.

వాడికి పదిహేనేళ్లు. 2013లో షెబర్లే ఆటకు వీడ్కోలు చెప్పేనాటికి వాడికింకా బడికి వెళ్లే వయసు కూడా రాలేదు. కాబట్టి వాణ్ని తప్పు పట్టను. కానీ ఆ జవాబు రెండు రోజులు నన్ను వదల్లేదు. ఒక మనిషి ఇరవై ఏళ్లు చెమటోడ్చి చేసిన పని ఒకవైపు, ఇంకొకరి చేతిలోంచి వచ్చిన ఒక ఈటె మరోవైపు. ఇంటర్నెట్టులో ఈటె వైపే ముల్లు మొగ్గింది. ఇది అన్యాయమని నా వాదన. "పోనీలే, ఏదో ఒకరకంగా గుర్తున్నాడు కదా" అని సర్దుకుపోవడం నాకు చేతకాదు.

నాకు షెబర్లే పేరు వినగానే గుర్తొచ్చేది ఒక అంకె: 9026.

ఆస్ట్రియా పడమటి కొసన గోట్జిస్ అని ఒక చిన్న ఊరుంది. ఏటా వేసవి మొదట్లో అక్కడ మగవాళ్లకు పది పోటీల డెకాథ్లాన్, ఆడవాళ్లకు ఏడు పోటీల హెప్టాథ్లాన్ జరుగుతాయి. వేరే పరుగులు, వేరే దూకుళ్లు ఏమీ ఉండవు. ఈ రెండు ఆటలను ప్రేమించేవాళ్లకు ఆ ఊరు ఒక తిరునాళ్ల లాంటిది. 2001 మే 26, 27 తేదీల్లో చెక్ దేశానికి చెందిన షెబర్లే అక్కడ బరిలో దిగాడు. అప్పటికి అతని వయసు 26. అంతకుముందు ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో ఎస్టోనియా వీరుడు ఎర్కి నూల్ చేతిలో 35 పాయింట్ల తేడాతో స్వర్ణం చేజారి రజతంతో సరిపెట్టుకున్నాడు. 35 పాయింట్లంటే, పోల్‌వాల్ట్‌లో అడ్డకర్రను ఇంకొక పది సెంటీమీటర్లు పైకి జరిపి దాటితే దాదాపుగా వచ్చేసేవి.

డెకాథ్లాన్ అంటే రెండు రోజుల్లో పది పోటీలు. మొదటి రోజు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్లు. రెండో రోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్, పోల్‌వాల్ట్, జావెలిన్, చిట్టచివర 1500 మీటర్లు. ఒక్కో పోటీలో సాధించిన కాలాన్నో దూరాన్నో ఎత్తునో ఒక పట్టిక ప్రకారం పాయింట్లుగా మారుస్తారు. పదీ కలిపితే ఎవరికి ఎక్కువ వస్తే వారు విజేత. పక్కవాణ్ని ఓడించడం కన్నా పట్టికతో తలపడటమే ఇందులో పెద్ద పని. వేగం కావాలి, బరువు విసిరే కండ కావాలి, కర్ర పట్టుకుని గాల్లోకి లేచే ధైర్యం కావాలి. ఒకదానికి పనికొచ్చే శరీరం ఇంకొకదానికి అడ్డం వస్తుంది. షాట్‌పుట్‌కి పెంచుకున్న కండను 1500 మీటర్లలో మోసుకుంటూ పరిగెత్తాలి.

గోట్జిస్‌లో ఆ రెండు రోజుల లెక్క ఇది. 100 మీటర్లు 10.64 సెకన్లలో, 942 పాయింట్లు. లాంగ్‌జంప్ 8.11 మీటర్లు, 1089. షాట్‌పుట్ 15.33 మీటర్లు, 810. హైజంప్ 2.12 మీటర్లు, 915. 400 మీటర్లు 47.79 సెకన్లు, 919. మొదటి రోజు ముగిసేసరికి 4675. మర్నాడు హర్డిల్స్ 13.92 సెకన్లు, 985. డిస్కస్ 47.92 మీటర్లు, 827. పోల్‌వాల్ట్ 4.80 మీటర్లు, 849. జావెలిన్ 70.16 మీటర్లు, 892.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తొమ్మిది పోటీలు అయిపోయాయి. చేతిలో 8228 ఉన్నాయి. మిగిలింది 1500 మీటర్లు. అప్పటి ప్రపంచ రికార్డు 8994. అది కూడా చెక్ దేశస్థుడిదే. రెండేళ్ల ముందు, 1999 జులైలో, ప్రాగ్‌లో సొంత జనం మధ్య టొమాష్ ద్వోర్జాక్ నెలకొల్పాడు. తొమ్మిది వేలకు ఆరంటే ఆరు పాయింట్లు తక్కువ. 1500 మీటర్లలో ఆ స్థాయి వాళ్లకు ఒక్క సెకను విలువ దాదాపు అంతే. ఒక్క సెకనులో తప్పిపోయిన గడప అది. పైగా ద్వోర్జాక్, షెబర్లే ఇద్దరూ ప్రాగ్‌లోని డుక్లా క్లబ్బువాళ్లే. ఇద్దరికీ శిక్షణ ఇచ్చింది జ్డెనెక్ వాన్యానే. ఒకే గురువు దగ్గర చదువుకున్న ఇద్దరిలో ఒకరు గడప దాకా వెళ్లి ఆగారు. ఇప్పుడు రెండోవాడి వంతు.

తొమ్మిది వేలు అందుకోవాలంటే ఇంకా 772 కావాలి. పట్టిక పెట్టుకుని నేనే లెక్క వేసి చూశాను. అంటే 1500 మీటర్లను సుమారు 4 నిమిషాల 26 సెకన్లలోపు ముగించాలి. రెండు రోజులుగా దూకి, విసిరి, పరిగెత్తి అలసిన కాళ్లతో, మూడు చుట్లకు పైగా. షెబర్లే 4 నిమిషాల 21.98 సెకన్లలో గీత దాటాడు. 798 పాయింట్లు. మొత్తం 9026. మనిషి అనేవాడు డెకాథ్లాన్‌లో తొమ్మిది వేలు దాటడం అదే మొదటిసారి. ఆ రికార్డు 11 ఏళ్లు నిలిచింది. 2012 జూన్‌లో అమెరికాకు చెందిన ఆష్టన్ ఈటన్ 9039తో దాన్ని చెరిపేశాడు. తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన కెవిన్ మేయర్ 2018లో 9126 దాకా తీసుకెళ్లాడు. దారి తెలిశాక నడిచేవాళ్లు వస్తారు. మొదట వెళ్లినవాడి ముందు మాత్రం దారి లేదు.

ఈ పది అంకెల్ని ఇంకోసారి చూడండి. నా వాదనంతా వీటిలోనే ఉంది. లాంగ్‌జంప్‌ను పక్కన పెడితే, వీటిలో ఏ ఒక్కటీ విడిగా చూపిస్తే జనం నోరు తెరిచి చూసేది కాదు. 10.64 సెకన్లకు పేరు మోసిన వంద మీటర్ల వీరుల వరసలో చోటు దొరకదు. పోల్‌వాల్ట్‌లో ఉక్రెయిన్ వీరుడు సెర్గీ బుబ్కా 1994లోనే 6.14 మీటర్ల ఎత్తున ఎగిరాడు, ఇక్కడ ఉన్నది 4.80. ఇక జావెలిన్ సంగతి. అదే చెక్ దేశానికి చెందిన యాన్ జెలెజ్నీ 1996లో జర్మనీలోని యెనాలో 98.48 మీటర్లు విసిరాడు. షెబర్లే విసిరింది 70.16.

జెలెజ్నీ పేరు మన కుర్రాళ్లకు బాగానే తెలుసు. 2024 నవంబరులో నీరజ్ చోప్రా ఆయన్ను శిక్షకుడిగా పెట్టుకున్నప్పటి నుంచి ఇంకా బాగా తెలిసింది. ఆ 98.48 మీటర్ల విసురు ఫోన్ల మీద ఊరూరా తిరుగుతుంది. తిరగాలి కూడా. నాలుగు అడుగుల పరుగు, ఒక్క విసురు, ఈటె గాల్లో తేలుతూ పోవడం, పచ్చికలో దిగడం. మొదలూ తుదీ ఉన్న ముచ్చట పదిహేను సెకన్లలో అయిపోతుంది. షెబర్లే గొప్పతనం అలా ఇమడదు. పదింటిలో దేనిలోనూ కింద పడకపోవడమే అతని ప్రతిభ. అతి తక్కువ వచ్చిన పోటీలో కూడా 798 ఉన్నాయి. ఎక్కడా బోర్లా పడలేదన్న సంగతిని వీడియోగా ఎలా తీస్తారు? జరగని తప్పును ఏ కెమెరా పట్టుకుంటుంది?

అందుకే ఇంటర్నెట్టు అతని దగ్గర దొరికిన ఒకే ఒక్క పదిహేను సెకన్ల ముక్కను ఏరుకుంది. అది అతను చేసింది కాదు. అతనికి జరిగింది.

జరిగింది ఏమిటో పూర్తిగా చెప్పాలి. 2007 జనవరిలో షెబర్లే దక్షిణాఫ్రికాలో శిక్షణ శిబిరంలో ఉన్నాడు. ఇంకొక క్రీడాకారిణి విసిరిన జావెలిన్ దారి తప్పి వచ్చి అతని కుడి భుజంలో దిగింది. కుడి చేయి. షాట్, డిస్కస్, జావెలిన్ మూడింటినీ విసిరే చేయి. ఇంకొంచెం పక్కకు తగిలి ఉంటే మెడలోనో ఛాతీలోనో దిగేది, ఈ వ్యాసం రాయాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. మా అక్క కొడుకు చూపించిన వీడియో ఇక్కడితో ఆగిపోయింది. నేను వెతికి చూసిన మరికొన్ని జాబితాలూ ఇక్కడితోనే ఆగాయి.

క్యాలెండరు మాత్రం ఆగలేదు. అదే ఏడాది ఆగస్టు ఆఖరు రోజున, సెప్టెంబరు మొదటి రోజున జపాన్‌లోని ఒసాకాలో ప్రపంచ చాంపియన్‌షిప్ డెకాథ్లాన్ జరిగింది. అప్పటికి షెబర్లే దగ్గర ఒలింపిక్ స్వర్ణం ఉంది, ప్రపంచ రికార్డు ఉంది, లేనిది ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం ఒక్కటే. 2003లో పారిస్‌లో రజతం, 2005లో హెల్సింకీలో మళ్లీ రజతం. 2001లో, ఆ 9026 సాధించిన రెండున్నర నెలలకే, ఎడ్మంటన్‌లో ద్వోర్జాక్ వరుసగా మూడో స్వర్ణం అందుకుంటుంటే ఇతనికి ఏ పతకమూ దక్కలేదు. ఇప్పుడు వయసు 32. ఎనిమిది నెలల క్రితం భుజంలో ఈటె దిగింది. ఆ భుజంతోనే ఒసాకాలో రెండో రోజు జావెలిన్ ఎత్తి, 71.18 మీటర్లు విసిరాడు. గోట్జిస్‌లో విసిరినదానికన్నా మీటరు ఎక్కువ. మొత్తం 8676 పాయింట్లు. జమైకాకు చెందిన మారిస్ స్మిత్ కన్నా 32 ఎక్కువ. ప్రపంచ విజేత.

జనవరిలో భుజంలో దిగిన ఆయుధాన్నే సెప్టెంబరులో అదే భుజంతో ఎవరూ ఊహించనంత దూరం విసిరిన మనిషి కథ ఇది. ఇంతటి కథను జనవరి దగ్గర కత్తిరించి, వెనక నవ్వుల శబ్దం అతికించి ఊరి మీదికి వదిలారు. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. సెప్టెంబరును కలుపుకోవడానికి ఇంకొక పది సెకన్లు చాలు. కావాలంటే లెక్క పెట్టుకోండి.

ఈ మాట ఒక స్నేహితుడితో అంటే ఆయన ఇలా అన్నారు: "రెండు రోజుల ఆటను ఎవరు కూర్చుని చూస్తారండీ? జనానికి తీరిక లేదు. ఆ ప్రమాదం వీడియో లేకపోతే అతని పేరు కూడా ఎవరికీ తెలిసేది కాదు." మొదటి సగం నిజమే కావచ్చు. తీరిక లేదు. కానీ అంకెల్ని చదివి ఒళ్లు పులకరించడం మన జనానికి రాదంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే 2001 మార్చిలో, గోట్జిస్‌కు సుమారు రెండున్నర నెలల ముందు, మనమంతా ఆ పని చేశాం.

కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్ 281. ఆ మూడు అంకెలు పలికి చూడండి. ఆ రోజుల్లో స్పృహ తెలిసిన తెలుగువాడికి ఆ అంకెను వివరించనక్కర్లేదు. ఫాలోఆన్, ద్రవిడ్ 180, నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడకపోవడం, 376 పరుగుల భాగస్వామ్యం, ఇవన్నీ ఆ మూడంకెల్లోంచి బొమ్మ కట్టినట్టు బయటికొస్తాయి. లక్ష్మణ్ ఆడిన ఫోర్లలో ఏ ఒక్కదాన్నో తీసి పది సెకన్లు చూపిస్తే అది అందంగా ఉంటుంది, కానీ అది 281 కాదు. ఆ రోజంతా అవుట్ కాకపోవడమే 281. మర్నాడు పేపరులో స్కోరుకార్డు కత్తిరించి అట్ట మీద అంటించుకున్న ఇళ్లు నాకు తెలుసు. మా ఇల్లు వాటిలో ఒకటి. అయిదు రోజుల ఆటను ఒక పట్టికలో చదువుకుని మురిసిపోయిన జాతికి రెండు రోజుల ఆట పట్టిక ఒక లెక్కా? నేర్పేవాళ్లు లేరు, అంతే. లక్ష్మణ్ చుట్టూ ఆ అంకెను చెప్పేవాళ్లు లక్షలమంది ఉన్నారు. షెబర్లే అంకెను మన దగ్గర చెప్పేవాళ్లు లేరు. మన ఫోనులో డెకాథ్లాన్ అని కొడితే మొదట వచ్చేవి ఆ పేరుగల క్రీడాసామగ్రి దుకాణాల చిరునామాలు.

స్నేహితుడి రెండో మాట ఇంకా కష్టపెట్టింది. పేరు తెలియడమే గొప్ప అన్నట్టు మాట్లాడారు. తప్పు పేరు తెలియడం కన్నా తెలియకపోవడమే నయం. తెలియనివాడు రేపు తెలుసుకుంటాడు. "తెలుసు, జావెలిన్ గుచ్చుకున్నాయన" అనుకున్నవాడు ఇక వెతకడు. అతని మటుకు ఆ అర నిండిపోయింది.

సొంత దేశంలో షెబర్లే పరిస్థితి వేరు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 8893 పాయింట్లతో స్వర్ణం గెలిచి, బ్రిటన్ వీరుడు డేలీ థాంప్సన్ పేరున 20 ఏళ్లుగా ఉన్న ఒలింపిక్ రికార్డును చెరిపేసిన ఏడాది, చెక్ దేశం అతన్ని ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుడిగా ఎన్నుకుంది. ఆట మానేశాక ఒక టీవీ చానల్‌లో క్రీడావార్తలు చదివే ఉద్యోగంలో చేరాడు. ఆ దేశపు పిల్లలు కొందరికి అతను ముందు వార్తలు చదివే మనిషిగా పరిచయమై ఉంటాడు, తర్వాతే పరిగెత్తిన మనిషిగా. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ పని అతను ఎంచుకున్నది. దాంతో వచ్చిన పేరుకు అతనే యజమాని. వార్తలు చదివే మనిషి గురించి ఇంట్లో తాత ఒక మాట చెబితే చాలు, 9026 బయటికొస్తుంది. మన దగ్గరికి, మిగతా ప్రపంచం దగ్గరికి వచ్చేసరికి ఆ తాత లేడు. వీడియో ఒక్కటే ఉంది.

ఇదేదో దూరదేశపు గొడవ అనుకునేవాళ్లకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. తెలంగాణ అమ్మాయి అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. ఏడు పోటీలు, 5712 పాయింట్లు. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం, 5941 పాయింట్లు. రెండేళ్లలో 229 పాయింట్లు పెరిగింది. హెప్టాథ్లాన్‌లో అది చిన్న మెట్టు కాదు. ఏడింటిలో ఎక్కడెక్కడ కాస్త కాస్త కూడబెడితే అంత అవుతుందో ఆలోచించండి. కానీ ఆమె గురించి నా ఫోనుకు వచ్చిన పోస్టులు దాదాపు అన్నీ ఒకటే మాట చెప్పాయి: టీ అమ్ముకునే తండ్రి కూతురు. ఆ మాట నిజం, గౌరవించాల్సిన నిజం. ఆ తండ్రి కష్టం తక్కువది కాదు. అయినా అది ఆమె ఎక్కడ మొదలైందో చెప్పే మాట. ఎక్కడికి చేరిందో చెప్పేది 5941. ఆ అంకె ఉన్న పోస్టు నాకు ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. షెబర్లే కథను జనవరిలో కత్తిరించినట్టే, మన అమ్మాయి కథను టీ బండి దగ్గర కత్తిరిస్తున్నాం.

డెకాథ్లాన్‌లో ఒక ఆచారం ఉంది. 1500 మీటర్లు ముగిశాక అందరూ గీత అవతల కుప్పకూలిపోతారు. కాసేపటికి ఒకరినొకరు లేపుకుంటారు. గెలిచినవాడు, ఆఖరున వచ్చినవాడు అన్న తేడా లేకుండా చేతులు పట్టుకుని మైదానం చుట్టూ నడుస్తారు, జనానికి వంగి నమస్కరిస్తారు. రెండు రోజులు ఒకరి పక్కన ఒకరు ఒకే పట్టికతో పోరాడినవాళ్లు కాబట్టి వాళ్లకు ఆ బంధం ఉంటుంది. వీడియోగా చూపించడానికి డెకాథ్లాన్‌లో ఏమీ లేదనేవాళ్లు ఈ దృశ్యాన్ని చూడలేదు.

ఆ ఆదివారం సాయంత్రం మా అక్క కొడుకుని కూర్చోబెట్టి ఒక తెల్లకాగితం మీద పది గీతలు గీశాను. ఎడమవైపు పోటీ పేరు, మధ్యలో అతను సాధించింది, కుడివైపు పాయింట్లు. తొమ్మిది నింపి పదోది ఖాళీగా ఉంచి, "ఇంకా 772 కావాలి, ఎంతసేపట్లో పరిగెత్తాలో లెక్క కట్టు" అన్నాను. వాడు ఫోనులో పట్టిక తెరిచి, పావుగంట కుస్తీ పట్టి, నాలుగు నిమిషాల ఇరవై అయిదు సెకన్లు పైచిలుకు అన్నాడు. అప్పుడు అసలు కాలం రాసి చూపించాను. కాగితం చేతిలోకి తీసుకుని మొదటి గీత నుంచి మళ్లీ చదివాడు. ఒసాకా సంగతి అప్పుడు చెప్పాను.

రాత్రి ఆ కాగితాన్ని ఫొటో తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టింది వాడే. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. పదిన్నరకు మా చిన్నాన్న నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "పోల్‌వాల్ట్ 4.80 అంటే మన కొలతల్లో ఎంత?" పదిహేను అడుగుల తొమ్మిది అంగుళాలు అని రాశాను. వెంటనే ఇంకొకటి వచ్చింది: "మన డాబా కన్నా ఎత్తే. మరి ఆ డిస్కస్ బరువెంత?"